ఏ కార్డ్ గేమ్ టోర్నమెంట్ ఆడాలి: స్థాయి, సమయం, టేబుల్ మర్యాద

మ్యాజిక్, పోకేమాన్, యుగియో లాంటి, కార్డులు సేకరించి ఆడే ఆటల్లో ఒకదానికి మీ డెక్ (ఆడటానికి కట్టుకున్న కార్డుల కట్ట) కుదిరింది, స్నేహితులతో ఆడి ఆడి చేయి తిరిగింది, ఇక ఒక టోర్నమెంట్ ఆడి చూడాలనిపిస్తోంది. ఈ దశలో చాలామంది చూసేది రెండే: ప్రైజ్ ఏంటి, ఎంతమంది వస్తున్నారు. ఆ రెండిటికంటే ముందు ఇంకొకటి చూసుకోమంటాను. ఆ పోటీ మీ నుంచి ఎలాంటి నడవడిక ఆశిస్తుంది? ఇప్పుడున్న అనుభవంతో, ఓపికతో మీరు దాన్ని చివరి రౌండ్ దాకా నిలబెట్టుకోగలరా?

మంచి ఆటగాడి లక్షణాలు ఎక్కడైనా ఒకటే అనుకుంటాం. నిజాయితీ వరకు అది నిజమే. మర్యాద మాత్రం స్థాయిని బట్టి మారిపోతుంది. వారం వారం జరిగే చిన్న పోటీలో మర్యాద అంటే ఎదుటివాళ్లకి సాయం చేయడం: మర్చిపోయింది గుర్తుచేయడం, తెలియని కార్డు చదివి వివరించడం, తొందరపడి వేసింది వెనక్కి తీసుకోనివ్వడం. పెద్ద పోటీకి అర్హత ఇచ్చే క్వాలిఫయర్‌లో మర్యాద అంటే మీ ప్రతి కదలికా అనుమానానికి తావు లేకుండా చెప్పడం, వాళ్ల ఆట వాళ్లని ఆడుకోనివ్వడం. టేబుల్ దగ్గర మనసులు కష్టపెట్టుకునే సందర్భాలు చాలావరకు ఒకచోటి మర్యాదని ఇంకోచోట ఆశించడం వల్ల వచ్చేవే. అందుకే ఎంపిక ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

ఒకే పొరపాటు, రెండు టేబుళ్లు

1993లో మొదలైన మ్యాజిక్: ద గ్యాదరింగ్‌నే తీసుకుందాం. దాని పోటీలకి మూడు స్థాయులున్నాయి: రెగ్యులర్, కాంపిటీటివ్, ప్రొఫెషనల్. వారపు పోటీ అయిన ఫ్రైడే నైట్ మ్యాజిక్, కొత్త సెట్‌తో ఆడే ప్రీరిలీజ్ లాంటివి రెగ్యులర్ స్థాయిలో నడుస్తాయి. క్వాలిఫయర్లు సాధారణంగా కాంపిటీటివ్. స్థాయి మారితే టేబుల్ మీద ఏం మారుతుందో ఒక పొరపాటు పట్టుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

మీ టర్న్ మొదలైంది, పైనుంచి ఒక కార్డు తీశారు. కార్డులకి తొడిగే ప్లాస్టిక్ స్లీవ్‌లు కొత్తవి, కాస్త అతుక్కుంటున్నాయి. ఒకటనుకున్నది రెండు వచ్చాయి, మీరు గమనించేలోపు రెండూ చేతిలో కార్డుల్లో కలిసిపోయాయి. ఏది అదనపుదో ఎవరూ చెప్పలేరు. వెంటనే ఆపి చెయ్యెత్తి జడ్జిని పిలిచారు. ఇక్కడిదాకా ఏ స్థాయిలోనైనా చేయాల్సింది ఇదే.

ఆ తర్వాత దారులు వేరు. రెగ్యులర్‌లో జడ్జి మీ చేతిలోంచి చూడకుండా ఒక కార్డు తీయించి డెక్ పైన పెట్టిస్తారు, జాగ్రత్తగా తీయమని చెబుతారు, ఆట సాగిపోతుంది. కాంపిటీటివ్‌లో మీ చేతిలో కార్డులన్నీ ఎదుటి ఆటగాడికి చూపించాలి. ఏది వెనక్కి వెళ్లాలో వాళ్లే ఎంచుకుంటారు, అది డెక్‌లోకి కలిసిపోతుంది, మీ పేరు మీద ఒక వార్నింగ్ రాస్తారు. మీరు దాచుకున్న ప్లాన్ అంతా బయటపడిపోతుంది. కార్డులు ఒక్కొక్కటిగా టేబుల్ మీద పరుస్తున్నప్పుడు ముఖం మాడ్చుకోకుండా కూర్చోగలిగితే కాంపిటీటివ్‌కి మీరు మానసికంగా సిద్ధమే. ఇది అన్యాయం అనిపించేటట్టయితే ఇంకొన్నాళ్లు రెగ్యులర్‌లో ఆడండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ట్రిగ్గర్లు (ఫలానా సందర్భం రాగానే జరగాల్సిన కార్డు ప్రభావాలు) మర్చిపోవడం ఇంకా ఎక్కువ తగవులు తెచ్చే విషయం. మీ కార్డు ఒకటి ప్రతి టర్న్ మొదట్లో మీకు ఏదో లాభం ఇవ్వాలి, మీరు మర్చిపోయి ముందుకెళ్లారు. కాంపిటీటివ్‌లో ఎదుటివాళ్లు దాన్ని మీకు గుర్తుచేయనక్కర్లేదు. వాళ్లు ఊరుకుంటే అది మోసం కాదు, నిబంధనలు ఇచ్చిన హక్కు. మీ కార్డుల్ని గుర్తుపెట్టుకోవడం మీ నైపుణ్యంలో భాగమని ఆ స్థాయి భావిస్తుంది. కానీ మీకే నష్టం చేసే ట్రిగ్గర్‌ని మీరు కావాలని మర్చిపోయినట్టు నటిస్తే అది మోసమే. అలాగే ఎవరైనా నిబంధన తప్పితే, ఉదాహరణకి ఒక కార్డుకి చెల్లించాల్సినంత చెల్లించకుండా వేసేస్తే, అది చూసి కూడా లాభం కోసం నోరు మెదపకపోవడం మోసం కిందికి వస్తుంది. తప్పు మీదైనా, ఎదుటివాళ్లదైనా ఇదే మాట. ఈ గీత ఎక్కడుందో తెలియకుండా కాంపిటీటివ్ పోటీలో కూర్చుంటే ఇబ్బందే. మంచివాళ్లు కూడా ఎదుటివాళ్లని దొంగలనుకుని బాధపడతారు.

వెనక్కి తీసుకోవడం గురించి కూడా ఒక మాట. పెద్ద పోటీల్లో వేసిన కార్డు వేసినట్టే అని ఒక నమ్మకం ఉంది. అది పూర్తిగా నిజం కాదు. వేశాక మీకు కొత్త సమాచారం ఏదీ రాకపోతే, మనసు మార్చుకోవడానికి జడ్జి అనుమతించవచ్చు. ఎదుటివాళ్ల ముఖం చూసో, వాళ్లు ఒక కార్డు మీద చెయ్యి పెట్టడం చూసో మార్చుకుంటానంటే కుదరదు. రెగ్యులర్ టేబుల్ దగ్గర కూడా నేను ఇదే కొలమానం వాడతాను. "ఇప్పటిదాకా కొత్తగా ఏమీ తెలియలేదు కదా, మార్చుకోండి" అంటే ఎవరికీ నొప్పి ఉండదు.

వారపు పోటీయా, ప్రీరిలీజా

మొదటి టోర్నమెంట్ ఏదని అడిగితే నా సమాధానం ప్రీరిలీజ్. కొత్త సెట్ అమ్మకానికి రాకముందే జరిగే పోటీ ఇది. మ్యాజిక్‌లో అయితే అందరికీ ఆరు బూస్టర్ ప్యాక్‌లు (లోపల ఏ కార్డులున్నాయో తెలియని ప్యాకెట్లు), ఒక ప్రోమో కార్డు (ప్రత్యేకంగా ఇచ్చే కార్డు) ఇస్తారు. వాటితోనే అక్కడికక్కడ కనీసం 40 కార్డుల డెక్ కట్టుకోవాలి. పోకేమాన్‌లోనూ ప్రీరిలీజ్ ఉంది, అక్కడా డెక్ 40 కార్డులే, మామూలుగా ఉండే 6 ప్రైజ్ కార్డులకి (ఎదుటి పోకేమాన్‌ని ఓడించినప్పుడు తీసుకునే కార్డులు) బదులు 4 పెట్టుకుని ఆడతారు.

నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం, ఆ రోజు అందరూ కొత్తవాళ్లే. పదేళ్లుగా ఆడుతున్నవాళ్లు కూడా ఆ కార్డుల్ని మొదటిసారి చదువుతుంటారు. "ఇదేం చేస్తుంది?" అని అడగడానికి ఎవరూ మొహమాటపడరు. డెక్ కొనుక్కోవడంలో ఒకరు ముందు, ఒకరు వెనక అనే తేడా కూడా ఉండదు. అదృష్టం పాత్ర ఎక్కువే, కొందరికి ప్యాక్‌లు బ్రహ్మాండంగా వస్తాయి. ఓడిపోవడం ఎలాగో నేర్చుకోవడానికి కూడా ఇది సరైన చోటు. "నీకు మంచి కార్డులొచ్చాయి కాబట్టి గెలిచావు" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి "బాగా ఆడారు" అని చెయ్యి కలపడం అలవాటు చేసుకోండి. ఆ అలవాటు పెద్ద పోటీలో పనికొస్తుంది.

వారపు పోటీ ఇంకో రకం. మీ సొంత డెక్, చాలావరకు అవే ముఖాలు. ఇక్కడ మీ పేరు నిలబడేది గెలుపుల లెక్క మీద కాదు, మీతో కూర్చుంటే ఎదుటివాళ్లకి ఎలా ఉంటుందన్న దాని మీద. ఒకసారి గట్టిగా విసుక్కుంటే వచ్చే వారం కూడా అదే మనిషి ఎదురుగా కూర్చోవాలి. డెక్‌ని మెరుగుపరుచుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. మ్యాచ్ అయ్యాక "నేను ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. అడగకుండా చెప్పడం మాత్రం వద్దు. అప్పుడే ఓడిపోయిన మనిషికి పాఠం కంటే ముందు రెండు నిమిషాలు కావాలి.

డ్రాఫ్ట్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది: ఎనిమిదిమంది, తలా మూడు ప్యాక్‌లు, ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కవాళ్లకి అందించడం. కార్డుల విలువ కొంత తెలిశాకే వెళ్లండి, లేకపోతే మొదటి అరగంటంతా టెన్షన్‌తోనే సరిపోతుంది.

క్వాలిఫయర్: అసలు పరీక్ష ఓపికకి

పెద్ద పోటీకి పేరివ్వబోయే ముందు రౌండ్ల లెక్క వేసుకోండి. ఎక్కువ పోటీలు స్విస్ పద్ధతిలో నడుస్తాయి. ఓడినా బయటికి పంపరు, మీతో సమానంగా గెలిచినవాళ్లతో తర్వాతి రౌండ్ ఆడిస్తారు. ఎనిమిదిమందికి మూడు రౌండ్లు చాలు. 17 నుంచి 32 మందికి ఐదు, 33 నుంచి 64 మందికి ఆరు, 65 నుంచి 128 మందికి ఏడు. ఆ పైన టాప్ 8 (మొదటి ఎనిమిదిమంది మధ్య నాకౌట్) ఉంటే ఇంకో మూడు మ్యాచ్‌లు. మ్యాజిక్‌లో రౌండుకి 50 నిమిషాలు, సమయం అయ్యాక ఐదు అదనపు టర్నులు, మధ్యలో ఫలితాలు, జత కుదర్చడం. రౌండుకి గంట అనుకోవాల్సిందే. వందమంది వచ్చిన పోటీలో టాప్ 8 చేరితే ఉదయం కూర్చున్నవాళ్లు రాత్రికి లేస్తారు.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మర్యాద తప్పేది సాధారణంగా మొదటి రౌండ్‌లో కాదు. ఆరో రౌండ్‌లో, సరిగ్గా తినక, తల వేడెక్కి, ఒక గెలుపు దూరంలో ఉన్నప్పుడు. మీ శరీరం ఆరు గంటలు ప్రశాంతంగా కూర్చోగలదో లేదో మీకే తెలుసు. కూర్చోలేననుకుంటే నాలుగైదు రౌండ్ల పోటీలతో మొదలుపెట్టండి. మధ్యలో పోటీ నుంచి తప్పుకోవడం తప్పేమీ కాదు. కాకపోతే తర్వాతి రౌండ్ జతలు ప్రకటించకముందే నిర్వాహకులకి చెప్పాలి. చెప్పకుండా వెళ్లిపోతే ఎవరో ఒకరు ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని మీ కోసం ఎదురుచూస్తారు.

ఈ స్థాయిలో మీకు కావలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. లైఫ్ (ఆటలో మిగిలిన ప్రాణం పాయింట్లు) లెక్క కాగితం మీద రాయండి, మీదీ ఎదుటివాళ్లదీ రెండూ. పాచిక మీద పెట్టుకున్న లెక్క మోచెయ్యి తగిలితే మారిపోతుంది. మారినప్పుడల్లా పైకి చెప్పండి: "మీరు 14, నేను 9, సరేనా?" ఆ ఒక్క "సరేనా" చాలా తగాదాలని పుట్టకముందే ఆపేస్తుంది. షఫుల్ చేశాక డెక్ ఎదుటివాళ్ల ముందు పెట్టండి, వాళ్లు మళ్లీ కలిపితే అవమానంగా తీసుకోవద్దు. వాళ్ల డెక్‌ని మీరూ కలపండి. స్నేహితుడి డెక్ అయినా సరే కలపండి. అందరి డెక్‌నీ కలిపేవాళ్లు ఎవరినీ ప్రత్యేకంగా అనుమానించినట్టు కాదు.

స్లీవ్‌ల విషయంలో బద్ధకం అసలు వద్దు. 2019లో లండన్‌లో జరిగిన మ్యాజిక్ మిథిక్ ఛాంపియన్‌షిప్‌లో గొప్ప ఆటగాళ్లకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం ఉన్న ఒక ఆటగాడిని గుర్తులున్న (వెనకనుంచే ఏ కార్డో పోల్చుకోగల) స్లీవ్‌ల కారణంగా డిస్‌క్వాలిఫై చేశారు. ఆ తర్వాత ఆయనకి హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం కూడా పోయింది. మన స్థాయిలో గుర్తులు చాలావరకు అరుగుదల వల్ల పడతాయి. ఎక్కువగా సైడ్‌బోర్డ్‌లో (గేమ్‌ల మధ్య మార్చుకోవడానికి పక్కన పెట్టుకునే కార్డుల్లో) ఉండే కార్డుల స్లీవ్‌లు కొత్తగా, మిగతావి పాతగా కనబడితే చాలు, చూసేవాళ్లకి అది గుర్తే. పోటీకి ముందు అన్నీ ఒకేసారి మార్చేయండి, కొన్ని అదనంగా దగ్గర పెట్టుకోండి.

గడియారం ఎవరి వైపు?

ఏ ఆట ఎంచుకోవాలనే ప్రశ్నకి చాలామంది కార్డుల బొమ్మలు, కథ, స్నేహితులు ఏం ఆడుతున్నారు అని చూస్తారు. అవి మంచి కారణాలే. వాటితో పాటు సమయం అయిపోతే ఏం జరుగుతుందో చూడండి. నెమ్మదిగా ఆడే స్వభావం ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

మ్యాజిక్‌లో మూడు గేమ్‌లలో రెండు గెలవాలి. సమయం, అదనపు టర్నులు అయిపోయాక నడుస్తున్న గేమ్ తేలకపోతే అది డ్రా. అప్పటికి ఒక గేమ్ గెలిచి ముందున్నవాళ్లకి మ్యాచ్ దక్కుతుంది. ఒకటి ఒకటి అయి ఉంటే మ్యాచే డ్రా. గెలుపుకి 3 పాయింట్లు, డ్రాకి 1. అందువల్ల మొదటి గేమ్ గెలిచినవాళ్లకి మెల్లగా ఆడాలనే ఆశ పుడుతుంది. యుగియోలో సమయం అయిపోయాక లైఫ్ పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లు గెలిచే పద్ధతి ఉంది. 8000 నుంచి మొదలయ్యే లెక్కలో చివరి నిమిషాల్లో కాస్త పైన ఉన్నా చాలు. అక్కడ ఆశ ఆ క్షణంలో ముందున్నవాళ్లది. ఆలోచించడానికి ఎక్కువ సమయం తీసుకోవడం వేరు, గడియారం చూసి కావాలని సాగదీయడం వేరు. మొదటిదానికి హెచ్చరిక వస్తుంది, రెండోది మోసం. బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి కాబట్టి మీ మీద ఆ అనుమానం రాకుండా చూసుకోవడం మీ చేతుల్లోనే ఉంది. డెక్ ఎంచుకునేటప్పుడే మీ వేగానికి తగ్గది ఎంచుకోండి. ప్రతి టర్న్‌లో పది నిర్ణయాలు అడిగే కంట్రోల్ డెక్‌ని (ఎదుటివాళ్ల ఎత్తుల్ని అడ్డుకుంటూ నెమ్మదిగా గెలిచే డెక్‌ని) అలవాటు లేకుండా పెద్ద పోటీకి తీసుకెళ్తే మీకూ కష్టమే, ఎదుటివాళ్లకీ కష్టమే.

యుగియోలో ఇంకొకటి గమనించండి. అక్కడ ప్రతి కదలికకీ ఎదుటివాళ్లు స్పందించే అవకాశం ఉంటుంది. కార్డు వేసి వెంటనే తర్వాతిది లాగేస్తే వాళ్ల అవకాశాన్ని తొక్కేసినట్టే. వేశాక ఒక్క క్షణం ఆగి కళ్లలోకి చూడటం ఆ ఆటలో మంచి ఆటగాడి గుర్తు. గబగబా చేతులాడించే అలవాటున్నవాళ్లు ఈ ఆటకి రావాలనుకుంటే ముందు దీన్ని మార్చుకోవాలి.

పిల్లలతో వెళ్లేవాళ్లకి నా సలహా పోకేమాన్. అక్కడ జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని వయసు విభాగాలున్నాయి, పిల్లలు చాలావరకు తమ ఈడు వాళ్లతోనే ఆడతారు. స్పిరిట్ ఆఫ్ ద గేమ్ పేరుతో సరదా, నిజాయితీ, గౌరవం, నేర్చుకోవడం లాంటి విలువల్ని నిర్వాహకులు నిబంధనల్లోనే రాసుకున్నారు. తల్లిదండ్రులకి మాత్రం ఒక కఠినమైన నియమం: ఆట నడుస్తున్నప్పుడు వెనక నిలబడి ఒక్క మాట కూడా అందించకూడదు. కళ్లతో సైగ కూడా బయటి సాయమే. బాబో పాపో తప్పు వేయబోతుంటే ఊరుకోవడం చాలా కష్టం, నాకు తెలుసు. అంత కష్టంగా ఉంటే దూరంగా వెళ్లి కూర్చోండి.

నలుగురు కూర్చునే టేబుల్

మ్యాజిక్‌లో కమాండర్ పద్ధతికి 100 కార్డుల డెక్, 40 లైఫ్, సాధారణంగా నలుగురు ఆటగాళ్లు. సరదాగా ఆడుకోవడానికి పుట్టిన ఆటని ప్రైజ్ పెట్టి పోటీగా ఆడేటప్పుడు ఇబ్బందులొస్తాయి. ముగ్గురు కలిసి ఒకరి మీద పడొచ్చు. గెలవలేనని తెలిసినవాళ్లు ఎవరు గెలవాలో తేల్చే స్థితిలో ఉంటారు. పాత పగలు, స్నేహాలు టేబుల్ మీదికి వస్తాయి. 2025లో మ్యాజిక్‌ని తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ డెక్‌ల బలాన్ని ఐదు బ్రాకెట్లుగా విడదీసే పద్ధతిని తెచ్చింది. ఐదోది పూర్తిగా గెలవడానికే కట్టిన డెక్‌లది. కూర్చోకముందే ఏ బ్రాకెట్ అని అడగండి, నిజం చెప్పండి. బలమైన డెక్‌ని బలహీనమైనదని చెప్పి కూర్చోవడాన్ని నేను మోసంతో సమానంగానే చూస్తాను, నిబంధనల పుస్తకం ఏమన్నా సరే.

పోటీగా గెలవాలని ఉంటే ఇద్దరు ఆడే పద్ధతులు ఎంచుకోండి. కమాండర్‌ని ప్రైజ్ లేని సాయంత్రాలకి ఉంచుకోండి.

ఆన్‌లైన్‌లో ఆడితే చాలదా?

మ్యాజిక్ ఆన్‌లైన్ 2002 నుంచి ఉంది. మ్యాజిక్ అరీనా 2019లో, యుగియో మాస్టర్ డ్యూయెల్ 2022లో, పోకేమాన్ టీసీజీ లైవ్ 2023లో వచ్చాయి. నిబంధనలు నేర్చుకోవడానికి ఇవి బ్రహ్మాండం. ట్రిగ్గర్ మర్చిపోవడం ఉండదు, షఫుల్‌లో అనుమానం ఉండదు, అదనపు కార్డు రాదు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో చెస్ గడియారంలా ఎవరి సమయం వాళ్లకే ఉంటుంది కాబట్టి సాగదీసినవాళ్లే నష్టపోతారు. న్యాయం మాటకొస్తే ఇదే అన్నిటికంటే శుభ్రం.

కానీ కంప్యూటర్ మీ బదులు నిజాయితీగా ఉంటుంది, మీకు ఆ సాధన దొరకదు. ఆన్‌లైన్‌లో వందల మ్యాచ్‌లు ఆడినవాళ్లు టేబుల్ దగ్గరికొచ్చి ట్రిగ్గర్లు మర్చిపోవడం, లైఫ్ లెక్క తప్పడం మామూలే. ఓడిపోతున్నామని తెలిశాక టైమర్ అయ్యేదాకా ఏమీ చేయకుండా వదిలేసే దురలవాటు కూడా అక్కడే అంటుకుంటుంది. ఆన్‌లైన్ పోటీకి సిద్ధమయ్యేవాళ్లు ఆన్‌లైన్‌లోనే ఆడండి. టేబుల్ దగ్గర ఆడబోయేవాళ్లు చివరి వారమైనా ఎదురుగా మనిషిని పెట్టుకుని, అసలు కార్డులతో ఆడండి.

చివరి రౌండ్‌లో వచ్చే ప్రశ్న

ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, పెద్ద పోటీలో బాగా ఆడితే ఒక సందర్భం ఎదురవుతుంది. స్విస్ చివరి రౌండ్. ఇద్దరూ డ్రా చేసుకుంటే ఇద్దరూ టాప్ 8కి వెళ్తారు. మ్యాజిక్‌లో ఇలా ఒప్పుకుని డ్రా చేసుకోవచ్చు, ఓటమి ఒప్పేసుకోనూవచ్చు. కానీ దానికి బదులుగా ప్రైజ్‌లో వాటా అడగడం, ఇస్తాననడం, పాచిక వేసి గెలుపు తేల్చుకోవడం నిషేధం. శిక్ష మ్యాచ్ ఓడిపోవడం నుంచి డిస్‌క్వాలిఫికేషన్ దాకా ఉంటుంది. సరదాగా అన్నా సరే, "నువ్వు వదిలేస్తే ప్యాక్‌లు నీకే" అనే మాట నోటినుంచి రాకూడదు. ఎదుటివాళ్లు అలా అడిగితే వెంటనే జడ్జిని పిలవాలి. విని ఊరుకున్నా తప్పే.

డ్రా చేసుకుంటే పాయింట్ల తేడాతో తొమ్మిదో స్థానంలో మిగిలిపోయే మనిషి ఒకరుంటారు. వాళ్లకి బాధ ఉంటుంది. అయినా డ్రా తప్పని నేను అనను, ముందు రౌండ్లు గెలిచి ఆ హక్కు సంపాదించుకున్నారు. అడగాలనుకుంటే ఒక్కసారి, కూర్చోగానే, మామూలు గొంతుతో అడగండి. వాళ్లు "ఆడదాం" అంటే ఆడండి. మళ్లీ అడగడం, లెక్కలు చూపించి ఒత్తిడి పెట్టడం, తల అడ్డంగా ఊపుతూ షఫుల్ చేయడం వద్దు. వాళ్ల లెక్క వాళ్లకుంటుంది, దాన్ని మీకు వివరించాల్సిన పని వాళ్లకి లేదు.

ఏ పోటీకి పేరిచ్చినా, వెళ్లేముందు నిర్వాహకులని మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: ఏ స్థాయి నిబంధనలు, ఎన్ని రౌండ్లు, డెక్‌లిస్ట్ (డెక్‌లోని కార్డుల జాబితా) ఇవ్వాలా. డెక్‌లిస్ట్ అడిగే పోటీ అయితే ముందురోజు రాత్రే రాసి, డెక్ పక్కన పెట్టుకుని ఒక్కో కార్డూ సరిచూడండి. డెక్‌లో 60 ఉండి లిస్ట్‌లో 59 రాస్తే ఆడకుండానే ఒక గేమ్ పోగొట్టుకునే ప్రమాదం ఉంది.